సాసేజ్ డిప్‌లో మామిడి

కావాలనే చెప్పిందా, పొరపాటున చెప్పిందా?

పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన మొదటి చలికాలంలో కొరీన్ మనసులో పడ్డ ఈ అనుమానం, పిల్లలు పుట్టి పెరిగి వాళ్ళ పెళ్ళిళ్ళు కూడా అయ్యాక ఇంకా అక్కడే ఉంది. ఆదివారం చర్చిలో ముందు వరుసలో ఇమోజీన్ గారి తెల్లజుట్టు ముడి కనపడితే చాలు, అది లేచి కూర్చుంటుంది. కొరీన్ భక్తిగల మనిషి. పొద్దున్నే కాఫీ కన్నా ముందు ప్రార్థన చేసుకుంటుంది, సంఘంలో ప్రతి ఇంటినీ పేరుపేరునా తలుచుకుంటుంది. ఇమోజీన్ గారి పేరు దగ్గరికి వచ్చేసరికి పెదవులు కదులుతాయి గాని మనసు కదలదు. అది దేవుడికి తెలుసు. దేవుడికి తెలుసని ఆమెకూ తెలుసు. అయినా ఇన్నేళ్ళుగా ఇద్దరూ ఆ సంగతి ఎత్తకుండా నెట్టుకొస్తున్నారు.

జరిగింది ఇదీ. దక్షిణ ఇండియానాలో, కొండల మధ్య ఈ చిన్న ఊళ్ళో, మార్చి నెల వస్తే హైస్కూలు పిల్లల బాస్కెట్‌బాల్ పోటీలు తప్ప మరో మాట ఉండదు. ఆట జరిగే శనివారం చర్చి కింది హాల్లో అందరూ చేరి, రేడియో పెట్టుకుని, తలా ఒక వంటకం తెచ్చి తింటూ వినడం ఆనవాయితీ. ఎవరు ఏం తెచ్చినా జనం వరస కట్టేది మాత్రం ఇమోజీన్ గారి సాసేజ్ డిప్ దగ్గరే. వేడివేడిగా, చిక్కగా, చీజ్ తీగలు సాగుతూ ఉంటే మొక్కజొన్న చిప్స్‌తో ముంచుకుని తినేవాళ్ళు. అందులో ఏం వేస్తుందో ఎవరికీ చెప్పేది కాదు.

ఆ ఏడాది మంచు మీద జారిపడి ఇమోజీన్ గారి చెయ్యి విరిగింది. ఒక ఆదివారం చర్చి గుమ్మంలో కోట్లు తొడుక్కునే చోట ఆమె, ఊరికి కొత్తగా కోడలై వచ్చిన కొరీన్‌ని పక్కకి పిలిచింది.

"విను అమ్మాయ్, ఈసారి డిప్ నువ్వే చెయ్యాలి. నోటితోనే చెప్తా. రాసుకోకు. రాస్తే నలుగురి చేతుల్లో పడుతుంది. ఒక చుట్ట సాసేజ్, కారంది కాదు, మామూలుది. ఒక ఉల్లిపాయ. ఒక మామిడి సన్నగా తరిగి ఆ కొవ్వులోనే మగ్గించు. మామిడి వెయ్యకపోతే అది నా డిప్పే కాదు. తర్వాత క్రీమ్ చీజ్, వడకట్టిన టమాటాలు, తురిమిన చీజ్. అర్థమయిందా?"

కొరీన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె పుట్టింది ఫ్లోరిడాలో, సముద్రం పక్కన. నాన్న ఇంటి వెనక మామిడిచెట్టు, వేసవి వస్తే కాకులతో పోటీపడి పళ్ళు ఏరుకోవడం. ఈ మంచులో, ఈ కొండల్లో, ఎవరో తన కోసమే ఆ మాట అన్నట్టనిపించింది. ఊళ్ళో కొట్టులో మామిడిపండు ఎక్కడ దొరుకుతుంది? భర్త వెండెల్ పనికి వెళ్ళాక కారు తీసుకుని, నది దాటి లూయీవిల్ దాకా వెళ్ళి, పెద్ద కొట్టులో ఒక్క పండు సంపాదించి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

శనివారం హాల్లో మూత తీసింది. మొదట ముంచుకున్నది బ్రదర్ గ్లెన్. నమిలాడు. ఆగాడు. మళ్ళీ నమిలాడు.

"సిస్టర్, ఇందులో పీచ్ పళ్ళేశావా?"

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ రోజు మన పిల్లలు ఓడిపోతున్నారేమో, జనానికి నవ్వడానికి ఏదో ఒకటి కావలసి వచ్చింది. పీచ్‌లు కావు అని కొరీన్ నోరు తెరవబోయింది. తెరవకుండా ఇమోజీన్ గారి వంక చూసింది. ఆమె ఒక్క చిప్ తిని, ప్లేటు బల్ల మీద పెట్టి, కాగితపు రుమాలుతో మూతి తుడుచుకుని, ఒక్క మాట అనకుండా రేడియో దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మౌనమే కొరీన్‌కి సాక్ష్యంగా నిలిచిపోయింది. కావాలని తప్పు చెప్పకపోతే 'నేనే వెయ్యమన్నాను' అని ఒక్క ముక్క అనదా? మామిడి కోసం బెంగపడే పిల్లని చూసి, ఆ బెంగతోనే ఆట పట్టించింది. వేరే ఊరి పిల్లకి బుద్ధి చెప్పాలనుకుంది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు పిల్లలు కూడా ఆమెని 'పీచ్ సిస్టర్' అన్నారు. ఆ పేరు ఎవరు అంటించారో తెలియదు గాని కొరీన్‌కి మాత్రం తెలిసినట్టే ఉండేది. మొన్న మొన్న వచ్చినదాని మాట ఎవరు నమ్ముతారని భర్తకి కూడా అసలు సంగతి చెప్పలేదు. పాపం వెండెల్ ఆ రోజు పంతంగా రెండు ప్లేట్లు తిన్నాడు. "బానే ఉంది, తియ్యగా ఉంది" అన్నాడు.

అందుకే, ఈ ఫిబ్రవరిలో ఇమోజీన్ గారి మేనకోడలు ట్రీనా వచ్చి తలుపు తట్టినప్పుడు కొరీన్ ఆమెని లోపలికి రమ్మనడానికి కూడా ఒక క్షణం ఆలోచించింది.

"అత్తకి తొంభై నిండుతున్నాయి సిస్టర్. శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో చిన్న పార్టీ" అంది ట్రీనా, బూట్ల మంచు దులుపుకుంటూ. "కేకు నేను చెప్పేశా. డిప్ మాత్రం నువ్వే చెయ్యాలట."

"నేనా? ఏ డిప్?"

"ఇంకేం డిప్, అత్త డిప్పే. సాసేజ్‌ది. కొట్టులో దొరికేది తెస్తానంటే గరిటె విసిరింది నా మీదికి. కొరీన్ చేస్తే చెయ్యాలి, లేకపోతే అసలు వద్దు అంది."

"నా పేరే చెప్పిందా? సరిగ్గా విన్నావా?"

"చెవిలో అరిచి చెప్పింది సిస్టర్. ఆవిడకి వినపడదు కాబట్టి మాకూ వినపడదనుకుంటుంది."

ట్రీనా వెళ్ళాక వెండెల్ నవ్వాడు. "ఈసారి పీచ్‌లు ముందే తెచ్చి పెట్టనా?"

"నవ్వకు. ఆవిడ నన్ను ఎందుకు అడిగిందో నాకు తెలుసు."

"ఎందుకు?"

"ఊళ్ళో వాళ్ళంతా వస్తారు. ఇంకోసారి అందరి ముందూ నవ్వించాలని."

"తొంభయ్యేళ్ళ మనిషి, కొరీన్. కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు కావాలి."

"నవ్వడానికి లేవక్కర్లేదుగా."

వెండెల్ పేపరు మడిచాడు. "అంత అనుమానం ఉంటే అడిగెయ్. ఆవిడ ఇంకెన్నాళ్ళుంటుంది? ఆవిడ పోయాక అడుగుదామంటే ఎవర్ని అడుగుతావ్?"

ఆ మాట మాత్రం గుచ్చుకుంది. అడగకుండానే ఆమె పోతే, శవపేటిక పక్కన నిలబడి తను ఏ ముఖంతో పాట పాడుతుంది? ఇన్నేళ్ళు ఒకే బల్ల దగ్గర రొట్టె విరుచుకుని తిన్న మనిషి. కొరీన్ ఆ పూట ప్రార్థనలో దేవుణ్ణి కొంచెం నిలదీసింది కూడా. ఒక్క మాట దగ్గర మొదలైనదాన్ని నువ్వే ఒక్క మాటతో తీర్చెయ్యకూడదా, ఎందుకు ఇంతకాలం ఊరుకున్నావు అంది. జవాబు రాలేదు గాని ఒక ఉపాయం తట్టింది. ఇంట్లో చేసి తీసుకెళ్తే మళ్ళీ ఏదో ఒకటి తన తలకి చుట్టుకుంటుంది. ఆవిడ వంటింట్లోనే, ఆవిడ కళ్ళ ముందే, ఆవిడ ఒక్కొక్కటీ చెప్తుంటే చెయ్యాలి. అప్పుడు తెలుస్తుంది ఎవరి నోట ఏం వస్తుందో.

శనివారం ఉదయం సాసేజ్, ఉల్లిపాయలు, క్రీమ్ చీజ్, టమాటా డబ్బాలు, చీజ్ దిమ్మ సంచిలో వేసుకుని వెళ్ళింది. అన్నీ తనే కొంది. ఆవిడ ఇంట్లో సరుకు మీద నమ్మకం పెట్టుకోదలచుకోలేదు.

ఇమోజీన్ గారు వంటింటి బల్ల దగ్గర, ఒళ్ళో దుప్పటితో కూర్చుని ఉంది. పొయ్యి మీద ఇనప మూకుడు అప్పటికే సిద్ధంగా ఉంది. ముందే సిద్ధం చేసి పెట్టడం కూడా కొరీన్‌కి నచ్చలేదు.

"సంచి ఇటు పట్రా" అంది ముసలామె, పలకరింపు లేకుండా. "ఏం తెచ్చావో చూడనీ."

"సరుకులు, సిస్టర్ ఇమోజీన్."

"చూడనీ అంటున్నా." ఒక్కొక్కటీ బయటికి తీయించి, సంచి అడుగు దాకా తొంగి చూసింది. "పళ్ళేం లేవుగా?"

కొరీన్ చెవులు వేడెక్కాయి. హాలుకి వెళ్ళకముందే మొదలుపెట్టింది అనుకుంది. "లేవు. పళ్ళెందుకుంటాయి?"

"ఊరికే అడిగా. ఫ్లోరిడా వాళ్ళ చేతులు ఊరుకోవుగా."

కొరీన్ మూకుడు కింద మంట వెలిగించింది. సాసేజ్ చుట్ట కాగితం చీల్చి వేసింది. మసాలా కలిపిన పంది ఖైమా చుయ్‌మంటూ మగ్గుతుంటే చెక్క గరిటెతో ముద్దలు చిదుపుతూ నిలబడింది. వెనకనుంచి ఆవిడ చూపు వీపు మీద కదులుతున్నట్టే ఉంది.

"పెద్ద ముద్దలు ఉంచకు. చిప్ మీద నిలబడదు, జారి ఒళ్ళో పడుతుంది."

"చిదుపుతున్నాను."

"కొవ్వు మొత్తం ఒంపెయ్యకు. ఒక గరిటెడు ఉంచు."

కొరీన్ కొవ్వు డబ్బాలోకి ఒంపి, ఒక గరిటెడు ఉంచి, మాంసం పక్కకి తీసింది. ఉల్లిపాయ తరిగి వేసింది. ఇక తర్వాతి మాట కోసం ఎదురు చూసింది. దాని కోసమే వచ్చింది తను.

"ఇప్పుడు?" అని గట్టిగా అడిగింది, తిరగకుండా.

"ఇప్పుడు మామిడి. ఫ్రిజ్‌లో కింది అరలో ఉన్నాయి, ఒకటి తీసుకురా. పెద్దదైతే ఒకటి చాలు."

అదిగో. ఇన్నేళ్ళ తర్వాత అదే మాట, అంతే తాపీగా. కొరీన్‌కి కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ కలిగింది. తొంభై నిండే రోజున కూడా ఈ మనిషికి ఇదేం బుద్ధి? మంట తగ్గించి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, కింది అర లాగింది. క్యారెట్లు, ఆకుకూర కాడలు, ఒక సగం క్యాబేజీ, ఆకుపచ్చగా నిగనిగలాడే క్యాప్సికంలు.

"ఇక్కడ మామిడి లేదు."

"ఉన్నాయి. నిన్ననే ట్రీనా తెచ్చింది."

"లేవండీ. నేను కళ్ళతో చూస్తున్నా కదా."

"నీ కళ్ళకేమయింది? నాకు చెవులు పోయాయి గాని నీకు కళ్ళు పోయాయా? ఎదురుగా ఉంటాయి. ఆకుపచ్చవి."

"ఆకుపచ్చవి క్యాప్సికంలు ఉన్నాయి."

"ఏవో ఒకటి అను. అవే తే."

కొరీన్ కాసేపు ఆ అర ముందు అలాగే వంగి ఉంది. తర్వాత ఒక క్యాప్సికం తీసి, తెచ్చి, ముసలామె ముందు బల్ల మీద పెట్టింది.

"దీన్నా? దీన్నేనా మీరు మామిడి అంటారు?"

"మరేమంటారు? మామిడి. మా అమ్మ అలాగే అనేది, మా నాయనమ్మ అలాగే అనేది. పొట్టలో ఖైమా కూరి వండితే కూరిన మామిడి. ఎప్పుడో దూరదేశం నుంచి మామిడికాయ ఊరగాయ జాడీల్లో వచ్చేదట, ఇక్కడ ఆ కాయ ఎక్కడిది, దీన్నే అలా ఊరబెట్టి ఆ పేరు పెట్టుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. నిజమో అబద్ధమో. ఇప్పటి పిల్లలు క్యాప్సికం అంటారు. నాకు నోరు తిరగదు."

"మరి... మామిడిపండు?"

"ఏ మామిడిపండు?"

"పసుపు రంగులో ఉంటుంది. తియ్యగా. లోపల పెద్ద టెంక."

"టీవీలో చూశా. నేనెప్పుడూ తినలేదు. దానికీ మా మామిడి పేరే పెట్టారు, ఎందుకో." ఇమోజీన్ గారు కళ్ళజోడు సర్దుకుంది. "ఏం, అలా నిలబడిపోయావ్? ఉల్లిపాయ మాడుతోంది."

కొరీన్ వెళ్ళి మంట ఆర్పేసింది. వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. చెవిలో పడేలా గట్టిగా, ఒక్కొక్క మాటా అంది.

"ఆ రోజు నేను వేసింది పీచ్ కాదు. మామిడిపండు. మీరు మామిడి వెయ్యమన్నారు. నేను లూయీవిల్ దాకా వెళ్ళి కొనుక్కొచ్చాను."

ముసలామె బల్ల మీదుగా ముందుకి వంగింది.

"పీచ్ కాదా?"

"కాదు."

"నేను చెప్పింది చెప్పినట్టు చేశానంటావు."

"చెప్పినట్టే చేశాను. మీరు కావాలని నన్ను ఆట పట్టించారనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."

"నేనా?" ఇమోజీన్ గారి గొంతు లేచింది. "నేను నిన్ను ఆట పట్టించానా? మా అమ్మ చావుమంచం మీద నాకు చెప్పిన వంట అది. నాకు కూతుళ్ళు లేరు. ఈ ఊళ్ళో ఒక్కదానికీ చెప్పలేదు. నువ్వు చర్చిలో ఒక్కదానివే మూల కూర్చుంటే జాలేసి, చేతిలో పెట్టినట్టు చెప్పా నీకు. నువ్వేమో డబ్బా పీచ్‌లు కుమ్మరించి తెచ్చావ్! మా అమ్మ వంట మీద వెక్కిరింపుగా చేశావనుకున్నా. ఫ్లోరిడా పొగరు అనుకున్నా. నోరు తెరిస్తే ఏడుస్తానేమోనని రేడియో దగ్గరికి పోయా."

కొరీన్‌కి ఆ వీపే గుర్తుకొచ్చింది, రేడియో దగ్గరికి నడిచిపోయిన వీపు. ఎన్నిసార్లు మనసులో తిప్పి తిప్పి చూసుకుంది. ఒక్కసారి కూడా ఆ మనిషి ముఖం ఎలా ఉందోనని ఆలోచించలేదు.

"మరి 'పీచ్ సిస్టర్' అని..."

"అది గ్లెన్ గాడి పని. నేను వాడికి ఆ మాట మానమని కూడా చెప్పా. నీ మీద కోపం ఉంటే నాకుండాలి గాని వాడికెందుకు?"

కొరీన్‌కి నవ్వు వచ్చింది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేనంత. ముసలామె కాసేపు బింకంగా చూసింది, తర్వాత ఆమె భుజాలూ కదలడం మొదలుపెట్టాయి. నవ్వుతూనే దగ్గు వచ్చింది. కొరీన్ లేచి నీళ్ళిచ్చింది. గ్లాసు పట్టుకున్న ఆ చెయ్యి చల్లగా, కాగితంలా పల్చగా ఉంది.

"అయితే ఇప్పుడు నన్నెందుకు అడిగారు? మళ్ళీ పాడు చేస్తానని తెలిసీ?"

"ఇంకెవర్ని అడగను? చెప్పింది నీకొక్కదానికేగా. ఇంకో సంగతి కూడా ఉంది." గ్లాసు పక్కన పెట్టింది. "మళ్ళీ పీచ్‌లు వేస్తావా లేదా చూద్దామనుకున్నా. వేస్తే పొగరే అని తేలిపోతుంది. పోయే ముందు తెలుసుకుని పోవాలిగా."

"అంటే మీరూ నా మీద నిఘా పెట్టారన్నమాట."

"సంచి వెతికింది ఎందుకనుకున్నావ్?"

తర్వాత పని చకచకా సాగింది. మాడిన ఉల్లిపాయ పారేసి కొత్తది తరిగారు. మామిడిని (కొరీన్ కూడా ఆ పేరుతోనే అంది, రెండు మూడుసార్లు పలికి చూసుకుంది కూడా) గింజలు తీసి సన్నగా కొట్టి కొవ్వులో వేసింది. పచ్చి వాసన పోయి, తియ్యటి ఘాటు లేచింది. అప్పుడు తెలిసింది ఆ డిప్‌కి ఏం తక్కువైందో. మాంసం మళ్ళీ వేసి, మంట బాగా తగ్గించి, క్రీమ్ చీజ్ ముక్కలు చేసి వదిలింది. అది కరిగాక టమాటాలు.

"చీజ్ పిడికెడు పిడికెడు వెయ్యి. ఒకేసారి వేస్తే విరుగుతుంది. సంచిలో తురిమి అమ్మేది తేలేదుగా?"

"దిమ్మే తెచ్చాను. ఇక్కడే తురుముతున్నా."

"ఆ తురుము మీద పిండి చల్లుతారు. నోట్లో ఇసకలా తగులుతుంది. ఈ మాట ట్రీనాకి చెప్పకు, అది అదే కొంటుంది."

చిక్కగా, నారింజరంగులో, ఆకుపచ్చ చుక్కలతో డిప్ తయారైంది. కొరీన్ మూకుడు పొయ్యి మీదినుంచి దించి, చర్చికి తీసుకెళ్ళడానికి కరెంటు కుక్కర్‌లోకి ఒంపబోయింది.

"ఆగు" అంది ఇమోజీన్ గారు. "నాకు బాకీ ఉన్నావు నువ్వు."

"ఏం బాకీ?"

"మా అమ్మ వైపు పద్ధతి. ఒకరి దగ్గర వంట నేర్చుకుంటే మొదటి గిన్నె చెప్పినవాళ్ళకి తెచ్చి పెట్టాలి. జనానికి కాదు, ముందు చెప్పినవాళ్ళకి. ఆ శనివారం పొద్దున కిటికీ దగ్గర కూర్చుని నీ కోసం చూశా. మధ్యాహ్నం దాకా చూశా. నువ్వు నేరుగా హాలుకి పోయావ్."

"నాకు తెలియదు."

"తెలియదని ఇప్పుడు తెలిసింది. తేకపోవడం తేకపోవడమేగా."

ఆ రోజు ముందే తెచ్చి ఉంటే, ఈ వంటింట్లోనే మూత తీసి ఉంటే, మొత్తం ఇక్కడే తేలిపోయేది. కొరీన్‌కి ఆ ఆలోచన వచ్చింది. దాని వెనకే ఇంకొకటి కూడా వచ్చింది. ఇమోజీన్ గారికి డాక్టరు ఉప్పు, పంది కొవ్వు రెండూ మాన్పించాడని, హాల్లో ట్రీనా పక్కనే కూర్చుని ఒక్క చిప్ కూడా ముట్టనివ్వదని ఊరంతా తెలుసు. ఇలాంటి పద్ధతి ఒకటుందని ఇన్నేళ్ళలో ఎవరి నోటా వినలేదు. నిజంగా ఉందా, ఇప్పుడే పుట్టిందా?

ముసలామె ముఖంలోకి చూసింది. అక్కడ ఏమీ తెలియలేదు. అడగాలనిపించలేదు కూడా.

పై అరలోంచి గిన్నె దించి, నిండా వేసి, పక్కన నాలుగు చిప్స్ పెట్టి, రెండు చేతులతో తెచ్చి ఆమె ముందుంచింది. ఇమోజీన్ గారు తల వంచి, అన్నం ముందు చెప్పే ప్రార్థన పెదవుల్లోనే చెప్పుకుంది. ఒక చిప్ ముంచింది. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది.

"ఉప్పు కొంచెం తగ్గింది" అంది. ఇంకొకటి ముంచింది.

చిప్స్ అయిపోయాక చెంచా అడిగింది. గిన్నె అడుగు గీకి, చెంచా నాకి, ఖాళీ గిన్నెని కొరీన్ వైపు తోసింది.

"సరే. తీరింది."